లాటు చెప్పని బేరం

ఆ కాలేజీ మీద నేను పదకొండు ఫిర్యాదులు రాశాను. పదకొండింటికీ అందినట్లు ముద్ర వేసిన నకళ్ళు నా దగ్గరున్నాయి. మా అమ్మాయి గుర్తింపు కార్డులో ఇంటిపేరు మొదటి అక్షరం తప్పు పడినందుకు మూడు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేనందుకు రెండు. రసీదులో ‘ఇతరములు’ అని రాసి డబ్బు తీసుకుంటున్నారు కదా, ఆ ఇతరములు ఏమిటో చెప్పమని నాలుగు. మిగిలిన రెండూ నా సొంతం. చేర్పించడానికి వెళ్ళిన రోజు నన్ను గంటన్నరసేపు నిలబెట్టినందుకు ఒకటి. కాలేజీ కరస్పాండెంటు అందరి ముందూ నన్ను ‘కాటా’ అని పిలిచినందుకు ఒకటి.

పన్నెండోది నా మీద నేనే రాసుకోవలసింది. దాన్ని రాయడానికి నాకు ఏడాది పట్టింది.

నేను ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తాను. ఇల్లు మాత్రం ఎమ్మిగనూరు. మా అమ్మాయి ఆదోనిలోనే ఆ ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేది కాబట్టి రెండేళ్ళపాటు ఇద్దరమూ పొద్దున ఒకే బస్సెక్కేవాళ్ళం. ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో, నేను వెనక. కరస్పాండెంటుది జిన్నింగు మిల్లున్న కుటుంబం. ఆయన తండ్రి కాలం నుంచీ మా మండీలో సరుకు కొనేవాళ్ళు. అప్పట్లో నేను కాటా దగ్గర కూర్చుని తూకం చీటీలు రాసేవాణ్ణి. ఆ పేరు ఆయనకు అట్లా గుర్తుండిపోయింది. కాలేజీ వరండాలో, పిల్లల ముందు, “ఏమప్పా కాటా, నీ బిడ్డ కూడా ఈడేనా?” అన్నాడు. నా పక్కన మా అమ్మాయి ఉంది. నవ్వినవాళ్ళు ఎంతమందో, ఎక్కడెక్కడ నిలబడ్డారో ఇప్పటికీ చెప్పగలను.

ఇక్కడ మా మార్కెట్ యార్డు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు టెండర్లన్నీ కంప్యూటరులోకి వెళ్ళాయి. నేను పనిలో చేరిన రోజుల్లో బేరం తువ్వాలు కింద జరిగేది. కొనేవాడు, అమ్మేవాడి తరఫు గుమాస్తా చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పెడు పట్టుకుంటే అయిదు, గుప్పెడు పట్టి వదిలి మళ్ళీ ఒక వేలు పడితే ఆరు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. దీనికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకటి, లాటు, అంటే అమ్మకానికి పెట్టిన సరుకు, ఎంతో ముందే గట్టిగా, అందరికీ వినపడేటట్లు చెప్పాలి. ‘ఫలానా రైతుది, ఇన్ని బస్తాలు’ అని చెప్పిన తర్వాతే చేయి పెట్టాలి. రెండు, తువ్వాలు కింద కుదిరిన మాట తర్వాత ఎవరికీ చెప్పకూడదు. చాచిన చేతిని కాదనడం కూడా అవమానమే. నేను పాతికేళ్ళకు పైగా ఆ పని చేశాను. ఒక్కసారి కూడా లాటు చెప్పకుండా చేయి పెట్టలేదు. ఆ ఒక్కసారి తప్ప.

రెండో ఏడాది మొదట్లో యూనివర్సిటీ కొత్త ఫీజులు ప్రకటించింది. పెరిగాయి. కాలేజీ వాటి మీద ల్యాబు, అభివృద్ధి, ఇంకా నా పాత స్నేహితురాలు ‘ఇతరములు’ చేర్చి నోటీసు అంటించింది. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు డబ్బులు రాలేదు కాబట్టి ముందు మీరు కట్టండి, వచ్చాక చూద్దాం అన్నారు. ఫీజు కట్టనివాళ్ళ పరీక్ష దరఖాస్తులు యూనివర్సిటీకి పంపబోమని కింద ఇంకో వరుస ఉంది.

పిల్లలు క్యాంటీనులో కూర్చుని పాత రసీదులన్నీ ఒక బల్ల మీద పరిచారట. క్లాసులో ఇరవై రెండు మంది. ఏ ఇద్దరి ఫీజూ ఒకటి కాదు. చేరినప్పుడు ఎవరి నాన్న ఎంత బేరమాడితే అంత. అందరికన్నా ఎక్కువ కట్టింది మా అమ్మాయి స్నేహితురాలు. నందవరం దగ్గర పల్లె నుంచి వచ్చేది. తండ్రి లేడు. తల్లి పొలాల్లో కూలికి పోతుంది. ఫీజంటే బేరమాడే వస్తువని ఆ తల్లికి తెలియదు. చెప్పినంతా రెండు విడతలుగా తెచ్చి కట్టింది.

ఆ సాయంత్రం బస్సు దిగగానే మా అమ్మాయి నన్ను అడిగింది. “నాయినా, మీ యార్డులో బోర్డు మీద రేటు రాస్తారు కదా. కాలేజీలో ఎందుకు రాయరు?”

అడగవలసిన మాటే అడిగింది. నాకు ఎంత గర్వమనిపించిందో!

మరుసటి వారం కాలేజీ గేటు ఎదురుగా షామియానా వేశారు. ఫీజు పూర్తిగా ఎత్తేయమని వాళ్ళు అడగలేదు. పెంచినది తగ్గించండి, ఎంత తీసుకున్నా అందరికీ ఒకటే తీసుకోండి, దాన్ని గోడ మీద రాయండి. అంతే. ప్రహరీగోడ మీద సున్నంతో ఒక పెద్ద చదరం పూసి, ఫీజు రాయడానికి ఖాళీగా వదిలారు. మైకు పట్టుకున్నది ఆ నందవరం పిల్ల. సన్నగా ఉంటుంది కానీ గొంతు ఎత్తితే యార్డు గేటు దాకా వినపడేది. వినతిపత్రం రాసింది నేను. ఆ రోజుల్లో నా అంత సంతోషంగా ఉన్న మనిషి ఆదోనిలో ఇంకొకడు లేడు. ఇన్నాళ్ళూ ఒక్కడినే రాస్తూ వచ్చాను కదా, ఇప్పుడు నాతో ఇరవై రెండు మంది ఉన్నారు.

ఊరంతా అదే చర్చ. టీవీలో ఒకాయన చదువు హక్కంటాడు, ఇంకొకాయన నాణ్యత కావాలంటే ఖర్చవుతుందంటాడు. పత్రికకు నేను రెండు పేజీల ఉత్తరం రాస్తే నాలుగు వరుసలు వేశారు. ఆ నాలుగింట్లో ఒకటి నాది కాదు. స్థానిక ఛానలువాళ్ళు వచ్చి పది నిమిషాలు నా చేత మాట్లాడించి, చివరికి నేను భుజం మీది తువ్వాలు దులుపుకోవడం మాత్రం చూపించారు. కాలేజీ లెక్చరరు ఒకాయన షామియానాకు కాస్త దూరంగా స్కూటరు ఆపి, “సార్, మా జీతాలొచ్చి మూడో నెల. ఫీజు పెంచకుంటే మేం యాడికి పోవాల?” అని నన్ను అడిగి, సమాధానం వినకుండానే వెళ్ళిపోయాడు.

యార్డు ముందు టీ అంగడి దగ్గర బ్రోకరు ఒకడు నన్ను చూసి అన్నాడు. “ఏమన్నా, పత్తి రేటు పెరిగితే రైతు పండగ సేసుకుంటాడు. సదువు రేటు పెరిగితే మీరు టెంటేసుకుంటారా?”

“పత్తి రేటు బోర్డు మీద ఉంటాది కదప్పా. ఈళ్ళ రేటు యాడ రాసినారు?” అన్నాను.

“అబ్బో! నువ్వు తువ్వాలు కింద నూకిన లాట్లన్నిటికీ బోర్డు ఉన్నిందా?”

గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు. టీ కొట్టువాడు కూడా. ఆ రోజు నుంచి ఆ అంగడిలో నేను టీ తాగలేదు. వాడు అన్నది నిజమని నాకు అప్పుడు తోచలేదు. వెటకారం అనే తోచింది.

నాలుగో రోజు ఆ పిల్ల తల్లి వచ్చింది. పని మానుకుని, జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి మూటగట్టుకుని వచ్చి పిల్లలందరికీ పంచింది. నాకూ ఒకటి ఇచ్చింది. విషయమేమిటో మా అమ్మాయి ఆమెకు మొదటి నుంచీ చెప్పింది. ఆమె నోటి మీద చేయి వేసుకుంది.

“ఒకే క్లాసు, ఒకే పాఠం, రేటు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్కటా? అదేమి యవ్వారమన్నా?” అని నన్నే అడిగింది. “మేము కలుపుకు పదైదు మందిమి పోతాము. గట్టున నిలబడి గట్టిగా మాట్లాడుకుంటాము, కూలి ఇంత అని. ముసిలామెకూ అంతే, పడుసు పిల్లకూ అంతే. ముందుగా పోయినామెకు ఎక్కువ, ఎనక వచ్చినామెకు తక్కువ ఉండదు. సదువుకున్నోళ్ళకు ఇది తెలీదా?”

“తెలీదు కాబట్టే టెంటు ఏసింది అత్తా,” అంది మా అమ్మాయి. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ మాట విన్నాకే నాకు ఆ కాగితం ఆలోచన వచ్చింది. తల్లిదండ్రులం ఎవరం విడిగా మాట్లాడబోము, మాట్లాడితే అందరి తరఫునే మాట్లాడతాము, ఒప్పుకుంటే అందరికీ కలిపే ఒప్పుకుంటాము అని రాశాను. మొదటి సంతకం నాది. ఆమె సంతకం చివరిది. కూతురు నేర్పిన అక్షరాలు ఒక్కొక్కటే, నెమ్మదిగా, కాగితం చిరుగుతుందేమో అన్నట్లు పెట్టింది. ఆ కాగితం నా ఫైలులో ఉంది.

ఆరో రోజు మధ్యాహ్నం కరస్పాండెంటు తల్లిదండ్రులను పిలిపించాడు. పరీక్ష దరఖాస్తులకు గడువు ఇంకా మూడు రోజులే ఉంది. పద్దెనిమిది మందిమి వచ్చాము. ఎక్కువమంది మా యార్డు చుట్టూ బతికేవాళ్ళే. ధాన్యం వ్యాపారులు, చిన్న కమిషను ఏజెంట్లు, హమాలీ మేస్త్రీ ఒకాయన. ముందు ఒకరే రండి అని కబురొచ్చింది. నన్నే పొమ్మన్నారు. ఆయనతో పరిచయముంది, ఫిర్యాదులు రాసి రాసి నోరు తిరిగింది అని. లోపలికి వెళ్తుంటే మా అమ్మాయి షామియానా నుంచి చేయెత్తి చూపింది. జేబులో నేను చదవవలసిన కాగితం ఉంది.

లోపల కుర్చీ వేసి ఉంది. “కూసో అన్నా,” అన్నాడు కరస్పాండెంటు.

అన్నా అన్నాడు. ఆ మాట కోసం ఎంతకాలం కాచుకున్నానో అది విన్నాక గాని నాకే తెలియలేదు. కప్పులో, సాసరుతో, టీ వచ్చింది. బల్ల సొరుగులోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టాడు. మా అమ్మాయి గుర్తింపు కార్డు. ఇంటిపేరు సరిగ్గా ఉంది.

“మొన్ననే కొత్తది సేయించినా. ఆడపిల్లల తావున తలుపుకు గడియ కూడా పెట్టించినా. నీ అర్జీలన్నీ సదివినా అన్నా, ఊరికే పోలేదు. ఆ పొద్దు కాటా అనింది తమాసాకు. మా నాయిన నోట్లో మాట అది, ఊరికే వచ్చేసినాది. మనసులో పెట్టుకోవాకు.”

నా పదకొండు ఫిర్యాదుల్లో సగానికి పైగా అయిదు నిమిషాల్లో తీరిపోయాయి. జేబులో కాగితం ఉన్న సంగతి నాకు గుర్తుంది. తీయాలనే అనుకుంటున్నాను. ఆయన లేచి, కుర్చీ వీపు మీద ఆరేసిన తువ్వాలు తీసి, కుడిచేతి మీద కప్పుకుని, బల్ల మీదుగా నా వైపు చాచాడు.

“మన సేతులు కలిసి ఎన్నేండ్లయినాదో. మన పద్ధతిలోనే సూసుకుందాము, రా.”

నేను చొక్కా చేయి పైకి మడిచాను. అది కూడా అలవాటే. చేయి పెట్టాను.

అప్పుడు నేను చెప్పవలసింది ఒక్క మాట. ‘ఇరవై రెండు మంది’ అని. గట్టిగా, వరండాలోకి వినపడేటట్లు. ఆ తర్వాత ఆయన ఎన్ని వేళ్ళు పట్టుకున్నా అది ఇరవై రెండు మందికీ అయ్యేది. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయన వేళ్ళు పట్టుకున్నాడు, నేను వదిలించుకుని నా వేళ్ళు పట్టించాను, ఆయన ఒకటి కలిపాడు, నేను సరేనని నొక్కాను. నా చేయి ఆ పని మరిచిపోలేదని ఆ క్షణంలో నాకు సంతోషం కూడా కలిగింది. అది కూడా రాయాలి, లేకపోతే రాసినదంతా అబద్ధమవుతుంది.

అందరి కోసమే బేరమాడానని అనుకున్నాను అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. పాతికేళ్ళు గుమాస్తాగా ఇతరుల సరుకుకే చేయి పెట్టాను కదా, ఆ ధోరణిలోనే పెట్టాను అని. కానీ లాటు చెప్పని బేరం ఒక్క లాటుదేనని నాకు తెలియదా? తెలుసు.

చొక్కా చేయి కిందికి లాక్కుంటూ బయటికి వచ్చాను. వరండాలో ఉన్నవాళ్ళు నా ముఖం చూడలేదు, నా చొక్కా చేయి చూశారు.

“కుదిరిందా అన్నా?” అన్నాడు ధాన్యం వ్యాపారి.

నేను మాట్లాడలేదు. మా లోకంలో మాట్లాడకపోవడమే జవాబు. ఆయన లేచి, నడుస్తూనే కుడిచేయి మడుచుకున్నాడు. ఆయన తర్వాత ఇంకొకరు. హమాలీ మేస్త్రీ కూడా. ఎవరూ కాగితం మాట ఎత్తలేదు. లోపలికి పోయిన ప్రతివాడూ నాలుగైదు నిమిషాల్లో వచ్చి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళాడు. ఒక్కరు కూడా గొంతు పెంచలేదు. ఇంత నిశ్శబ్దంగా ఒక ధర్నా ముగిసిపోవడం నేను ఎక్కడా వినలేదు.

నందవరం పిల్ల తల్లి బెంచీ చివర కూర్చుని అందరినీ చూస్తూ ఉంది. చివరికి ఆమె వంతు వచ్చింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలు వినిపించాయి.

“సారూ, మా పాప సంగతి.”

“నీతో ఏమి బేరం తల్లీ, ఆడమనిషివి. నోటీసులో ఉండేదే. మైకు పట్టుకున్నింది నీ బిడ్డే గదా?”

“అందరికీ అదేనా సారూ?”

“ఎవురిది వాళ్ళకమ్మా.”

ఆమె బయటికి వచ్చింది. వరండాలో అప్పటికి నేను ఒక్కడినే మిగిలాను. వెళ్ళిపోయి ఉండవలసింది. ఎందుకు నిలబడ్డానో నాకు తెలియదు.

“అన్నా, లోపల ఏమి సెప్పినారన్నా? మనకందరికీ ఎంతయినాది?”

మనకందరికీ అంది.

“బస్సు టైమయినాదమ్మా,” అన్నాను.

నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి షామియానా గుంజలు పీకుతున్నారు. పిల్లలు తమ నాన్నల వెనక ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆ పిల్ల మైకు వైరు చుడుతోంది. మోచేయికి, బొటనవేలికి మధ్య చక్కగా చుడుతూ నా వైపు చూసి, తల వంచుకుని పని చేసుకుంది.

బస్సులో మా అమ్మాయి ఎప్పటిలాగే ముందు కూర్చుంది. సగం దారిలో లేచి వెనక్కి వచ్చి, నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది.

“ఎంతకు కుదిరింది నాయినా?”

“అది సెప్పకూడదమ్మా.”

“సరే, అది వద్దు. లాటు చెప్పినావా?”

చిన్నప్పుడు సెలవుల్లో యార్డుకు తీసుకుపోయేవాణ్ణి. అన్నీ నేర్చుకుంది.

“చెప్పినావా, లేదా?”

“ఆయప్ప అడగలేదు.”

“కొనేవాడు ఎందుకు అడుగుతాడు నాయినా? అమ్మేవాడే కదా చెప్పాల్సింది.”

ఆమె తిరిగి తన సీటుకు వెళ్ళింది. కొత్త గుర్తింపు కార్డు నా జేబులోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళాక బల్ల మీద పెట్టాను. రెండు రోజులు అక్కడే ఉంది. ఆ తర్వాత కూడా ఆమె మెడలో పాత కార్డే వేసుకుంది, తప్పు అక్షరంతోనే, చదువు అయిపోయేదాకా.

తన తగ్గింపు తన స్నేహితురాలికి ఇవ్వమని ఆఫీసులో అడిగిందట. “తగ్గింపా? అట్లా ఏమీ రాసి లేదే పాపా,” అన్నాడట క్లర్కు. నిజమే, ఎక్కడా ఏమీ రాసి లేదు. ఆ నందవరం పిల్ల గడువు దాటేలోగా నోటీసులో ఉన్నంత తేలేకపోయింది. దరఖాస్తు పోలేదు. ఏడాది పోతే మళ్ళీ కట్టవచ్చు అన్నారు గానీ ఆమె ఇక రాలేదు. నందవరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో డిగ్రీ చూపించి పాఠాలు చెప్పడానికి చేరిందని తెలిసింది. మా అమ్మాయి పరీక్షలు రాసి, మంచి మార్కులతో పాసై, కర్నూలుకు వెళ్ళి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటోంది. ఫోను చేస్తుంది. వాళ్ళమ్మతో మాట్లాడుతుంది. నాన్న ఉన్నాడా అని అడుగుతుంది, ఉన్నాడంటే సరే అంటుంది. సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి ఆదోని వచ్చిన రోజు నా మండీ ముందు నుంచే ఆటోలో ఆగకుండా వెళ్ళింది. అవమానాలన్నీ రాసిపెట్టుకునే నేను దీన్ని మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

గోడ మీది సున్నపు చదరంలో ఇప్పటికీ ఫీజు రాయలేదు. కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, తర్వాత బోరుబావుల ప్రకటన ఒకటి పడింది. మళ్ళీ ఏడాది కొత్త నోటీసు వచ్చింది, ఇంకాస్త పెరిగి. ఈసారి షామియానా వేసినవాళ్ళు లేరు. వేస్తే ఏమవుతుందో ఇప్పుడు అందరికీ తెలుసు.

అప్పుడు రాశాను పన్నెండోది, యూనివర్సిటీకి. ఒకే తరగతికి ఇన్ని రేట్లు ఎట్లా ఉన్నాయో విచారించమన్నాను. రుజువుగా నా సంగతే రాశాను. తువ్వాలు కింద నాకు ఎంతకు కుదిరిందో అంకెల్లో, అక్షరాల్లో రాశాను. మా పద్ధతిలో అది చేయకూడని పని. అయినా రాశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఫిర్యాదుదారుకు ఫీజులో రాయితీ లభించినట్లు ఆయనే పేర్కొన్నందున ఆయనను బాధితుడిగా పరిగణించడం సాధ్యం కాదు, బాధితులెవరైనా ఉంటే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు అని ఉంది.

ఆ కాగితాన్ని ఫైలులో పెట్టబోయి మళ్ళీ చదివాను. ఇంత వయసొచ్చేదాకా నన్ను నేను బాధితుడిగానే చూసుకున్నాను. కాదని ముద్ర వేసి పంపారు. మామూలుగానైతే దాని మీద ఇంకో అర్జీ పెట్టేవాణ్ణి. వాళ్ళు రాసిన దాంట్లో తప్పేమిటో ఎంత వెతికినా దొరకలేదు.

బాధితులే స్వయంగా పెట్టుకోవాలన్నారు కాబట్టి, నందవరం పిల్ల తల్లి తరఫున ఒక దరఖాస్తు రాసుకుని, ఆమె సంతకం ఉన్న ఆ పాత కాగితం కూడా పెట్టుకుని, ఒక ఆదివారం నందవరం వెళ్ళాను. అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ పల్లెకు. చర్చి పక్క సందులో మూడో ఇల్లు. ఆమె గడప దగ్గర కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఏమంటుందో అని దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఏదో ఒకటి అనాలనే కోరుకున్నాను. ఏమైనా అంటే దాన్ని గుర్తుపెట్టుకోవడం నాకు చేతనవును.

“ఓ అన్నా! రాండి, రాండి. పాప బాగుండాదా?” అంటూ లేచి, చాప దులిపి వేసింది. మంచినీళ్ళు తెచ్చింది.

దరఖాస్తు చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నది.

“ఇప్పుడేమి లాభమన్నా. మా పాప బడికి పోతాంది. పిల్లోళ్ళు టీచరమ్మా అంటారు. మళ్ళా దాన్ని ఆ గేటు కాడ నిలబెట్టేకి నాకు మనసు రాదు.” సంతకం పెట్టనని చెప్పడానికి ఆమెకు అంతకంటే ఎక్కువ మాటలు అవసరం లేకపోయాయి.

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే అడిగింది.

“ఒక మాట అడుగుతా, ఏమనుకోవాకన్నా. ఆ పొద్దు లోపల అంత మంది పోయి వచ్చినారు. ఒక్కరూ నోరు తెరవలేదు. గుడ్డ కింద ఏమి మాట్లాడుకున్నారన్నా? మంత్రమా?”

ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

భుజం మీది తువ్వాలు తీసి చాప మీద పెట్టాను. ఎడమచేయి చాచి, కుడిచేత్తో నా వేళ్ళే పట్టుకుని చూపించాను. ఇది ఒకటి. ఇది రెండు. ఇది గుప్పెడు, అయిదు. ఇట్లా పట్టి వదిలి మళ్ళీ ఒకటి పడితే ఆరు. ఇట్లా నొక్కితే సరేనని. ఎండలో, గడప ముందు, పైన ఏ గుడ్డా లేకుండా నేను ఆ పని చేయడం అదే మొదటిసారి. ఆయన ఎన్ని పట్టుకున్నాడో, నేను ఎన్ని పట్టించానో అది కూడా చూపించాను.

ఆమె చూసింది. మళ్ళీ ఒకసారి చూపించమంది. చూపించాను.

“ఇంతేనా అన్నా?”

“ఇంతేనమ్మా.”

మిరపకాయల కారం అంటిన కుడిచేయి ఎత్తి, తన వేళ్ళను తానే ఒకసారి చూసుకుంది.

“నాకూ ఉండాయి గదన్నా ఐదు వేళ్ళు,” అంది.

ఆమె మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెడుతూ అంది. “పాప ప్రార్థనకు పోయినాది. వచ్చేస్తాది ఇప్పుడు. దానికీ సూపించి పోన్నా. లెక్కలు సెప్తాది గదా, దానికి బాగా అర్థమయితాది.”

బస్సుకు ఇంకా టైముంది. కూర్చున్నాను.